మొక్క కణాలను ఫ్లాస్కులో పెంచి ఎంజైమ్ తీయడం: క్యారెట్ ముక్క నుంచి పెరాక్సిడేజ్ దాకా

టిష్యూ కల్చర్ అనగానే చాలామందికి సీసాల్లో వరసగా పెట్టిన చిన్న చిన్న మొక్కలు గుర్తొస్తాయి. ఇక్కడ మనకు మొక్క అక్కర్లేదు. వేరూ రాకూడదు, ఆకూ రాకూడదు. కణాలు కణాలుగానే ఉండి, ద్రవంలో తేలుతూ పెరిగి, మనకు కావలసిన ఎంజైమ్ తయారుచేస్తే చాలు. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఇందులో కొత్తవాళ్లందరూ ఒకే చోట దెబ్బ తింటారు, నేనూ తిన్నాను: కణాలు బాగా పెరగడం వేరు, ఎంజైమ్ బాగా రావడం వేరు. దాదాపు ఆరు నెలలు నేను ఫ్లాస్కులో పచ్చి బరువు పెంచడం మీదే పడ్డాను, తీరా కొలిచి చూస్తే మెల్లగా పెరిగే పాత లైన్‌లోనే (ఒకే ముద్ద నుంచి మారుస్తూ పెంచుకొచ్చిన కణాల సంతతిని లైన్ అంటాం) ఎంజైమ్ ఎక్కువ ఉంది. అందుకే ఈ పద్ధతి మొత్తంలో కొలత అనే మాట పదే పదే వస్తుంది, విసుక్కోకండి.

ముందు ఏ ఎంజైమ్ కావాలో తేల్చుకోండి, ఎందుకంటే సగం గెలుపోటములు ఇక్కడే తేలిపోతాయి. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది కదా, కాయ ముక్క తెచ్చి దాన్నుంచి కాలస్ (కణాల ముద్ద) పెంచితే పపైన్ వస్తుంది అనుకుంటారు. కానీ పపైన్ తయారయ్యేది పాలు ఉండే ప్రత్యేకమైన నాళాల్లో. కాలస్ అంటే ఏ ప్రత్యేకతా లేని కణాల ముద్ద, అందులో ఆ నాళాలు సరిగా ఏర్పడవు, కాబట్టి పపైన్ కూడా అంతంతమాత్రమే. మొక్కలో ఒక ప్రత్యేకమైన కణానికి మాత్రమే చేతనైన పనిని కాలస్ నుంచి ఆశించకండి. ఏ కణమైనా గాయం తగిలినప్పుడో, గోడ కట్టుకునేటప్పుడో చేసే పని ఏమిటో చూసి దాన్ని ఎంచుకోండి.

ఆ లెక్కన మొదటిసారికి పెరాక్సిడేజ్‌కు మించింది లేదు. దాదాపు ప్రతి మొక్క కణం దీన్ని తయారుచేస్తుంది, కణగోడను గట్టిపరచడానికి వాడుకుంటుంది, పైగా చాలా భాగాన్ని కణం బయటికే వదిలేస్తుంది. అంటే కణాలను చంపకుండా, చుట్టూ ఉన్న ద్రవం నుంచే కొంత ఎంజైమ్ తీయొచ్చు. చాలా వ్యాధి నిర్ధారణ కిట్లలో, ఎలైజా అనే రంగు మార్పు పరీక్షల్లో రంగు తెప్పించేది హార్స్‌రాడిష్ వేరు నుంచి తీసే ఈ పెరాక్సిడేజే. హార్స్‌రాడిష్ దొరికితే మంచిదే, దొరక్కపోతే క్యారెట్‌తో పని నేర్చుకోండి. క్యారెట్ కణాలు మాట వింటాయి. మందు తయారీ స్థాయిలో కూడా వాటిని నమ్ముకున్నవాళ్లు ఉన్నారు: గాషే వ్యాధికి ఇచ్చే టాలిగ్లూసరేజ్ ఆల్ఫా అనే ఎంజైమ్‌ను ప్రోటాలిక్స్ సంస్థ జన్యుమార్పిడి చేసిన క్యారెట్ కణాల్లోనే తయారుచేస్తుంది, దానికి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. మొక్క కణాల్లో తయారై మనుషులకు వాడే మందుగా అక్కడ అనుమతి పొందిన మొదటి ప్రోటీన్ అదే.

ఇక ముక్క. 1902లో హాబర్‌లాండ్ట్ మొక్క కణాలను విడిగా పెంచాలని చూశాడు. కణాలు కొన్నాళ్లు బతికాయి గానీ ఒక్కటి కూడా విభజన చెందలేదు. ఆయన తీసుకున్నవి ముదిరిన ఆకు కణాలు, హార్మోన్ల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. 1939 నాటికి గోతరే, నోబెకూర్ క్యారెట్ కణజాలాన్ని ఆపకుండా పెంచగలిగారు. దీన్నుంచి మనకు పనికొచ్చేది ఒకటే, విభజన చెందే ఓపిక ఇంకా ఉన్న కణజాలం తీసుకోవాలి. క్యారెట్‌ను అడ్డంగా కోస్తే మధ్యలో లేత రంగు భాగానికి, బయటి ముదురు భాగానికి మధ్య సన్నటి వలయం కనిపిస్తుంది. అదే కేంబియం. ప్రతి ముక్కలో ఆ వలయం కొంచెమైనా ఉండాలి. అది లేని ముక్క వారాల తరబడి అలాగే పడి ఉంటుంది.

మీడియం, అంటే కణాలు తిని పెరిగే పోషక ద్రావణం, ముందే చేసి పెట్టుకోండి. 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణాల కోసం తయారుచేసిన ఎంఎస్ మీడియమే ఇప్పటికీ అందరూ మొదట వాడేది. లవణాలు విడివిడిగా తూచుకోవచ్చు (అమోనియం నైట్రేట్ లీటరుకు 1650 మి.గ్రా., పొటాషియం నైట్రేట్ 1900 మి.గ్రా., ఇలా పెద్ద జాబితా ఉంటుంది), కానీ మొదటిసారి రెడీమేడ్ పొడి తెచ్చుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది, విటమిన్లతో కలిపి ఉన్న పొడి అయితే లీటరుకు సుమారు 4.4 గ్రాములు పడుతుంది, డబ్బా మీద రాసిన లెక్కనే పాటించండి. దానికి లీటరుకు 30 గ్రాముల పంచదార, 1 మి.గ్రా. 2,4-డి, 0.1 మి.గ్రా. కైనెటిన్ కలపండి. 2,4-డి అంటే కలుపు మందే. పొలంలో కలుపును చంపే ఆ రసాయనమే ఇంత కొద్ది మోతాదులో కణాలను విభజించమని తరుముతుంది. అది నీళ్లలో నేరుగా కరగదు, ముందు కొద్దిగా ఆల్కహాల్‌లోనో పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌లోనో కరిగించి స్టాక్ (తర్వాత కొంచెం కొంచెం కలుపుకునే చిక్కటి ద్రావణం) చేసుకోండి. స్టాక్ సీసా మీద గాఢత, తేదీ రాయండి, ఇది చాదస్తం కాదు, పది రెట్లు తేడా వస్తే కాలస్ రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు.

2,4-డి ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు మీద చూపించింది ఏమిటంటే, ఆక్సిన్ (2,4-డి ఈ రకం హార్మోనే) పాళ్లు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ (కైనెటిన్ ఈ రకం) పాళ్లు ఎక్కువైతే చిగుళ్లు, రెండూ తగిన మోతాదులో ఉంటే కాలస్ అని. క్యారెట్‌లో ఇంకో సంగతి ఉంది, 2,4-డి తీసేస్తే కణాలు చక్కగా పిండాలుగా మారి మొక్కలు అవ్వడం మొదలుపెడతాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మన పనికి మాత్రం ఆ ఫ్లాస్కు పోయినట్టే.

పీహెచ్ 5.8కి సరిచేసి, గట్టి మీడియం కావాలంటే లీటరుకు 8 గ్రాముల అగార్ కలిపి, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరిలో క్రిములను చంపే యంత్రం) చేయండి. పీహెచ్‌ను అగార్ వేయకముందే చూడాలి. బాగా తగ్గిపోతే అగార్ గడ్డకట్టదు, జావలా ఉండిపోతుంది.

ముక్కలను శుభ్రం చేసే రోజు తొందరపడకండి. క్యారెట్‌ను కుళాయి నీళ్ల కింద బ్రష్‌తో రుద్ది కడిగి, పై చెక్కు తీసేసి, పెద్ద ముక్కలుగా కోసి, 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచండి. తర్వాత ఒకటి నుంచి రెండు శాతం సోడియం హైపోక్లోరైట్‌లో, ఒక చుక్క ట్వీన్-20 (సబ్బులాంటి ద్రవం) వేసి, 15 నిమిషాలు మెల్లగా ఊపుతూ ఉంచండి. ఆ చుక్క లేకపోతే ముక్క మీద గాలి బుడగలు అతుక్కుంటాయి, బుడగ కింద ఉన్న బ్యాక్టీరియాకు మందు తగలదు. ఇక లామినార్ ఫ్లో (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల) లోపల స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు కడిగి, హైపోక్లోరైట్ తగిలి తెల్లబడిన అంచులన్నీ కోసి పారేసి, లోపలి భాగాన్ని 3 నుంచి 5 మి.మీ. ముక్కలుగా చేయండి. ఒక్క జాగ్రత్త: చేతులకు స్పిరిట్ రాసుకుని అది ఆరకముందే బర్నర్ దగ్గరికి వెళ్లొద్దు. ఫోర్సెప్స్ ముంచే స్పిరిట్ గ్లాసును మంటకు దూరంగా పెట్టండి. ల్యాబుల్లో చేతులు కాలేది ఎక్కువగా ఇక్కడే.

ప్లేట్లను చీకట్లో 25 డిగ్రీల దగ్గర పెట్టేసి, రెండో రోజు నుంచి చూస్తూ ఉండండి, మూత మాత్రం తీయొద్దు. ముక్క చుట్టూ పాలు ఒలికినట్టు మసక కనిపిస్తే బ్యాక్టీరియా, దూదిలా లేస్తే బూజు. ముక్క పైభాగం శుభ్రంగా ఉండి వారం తర్వాత కింద నుంచి మసక వస్తే, అది మొక్క లోపల దాగి ఉన్న బ్యాక్టీరియా. ఎంత కడిగినా పోదు, వేరే క్యారెట్ తీసుకోవడమే మేలు. కంటామినేషన్ వచ్చిన ప్లేటును ల్యాబులో తెరవకుండా నేరుగా ఆటోక్లేవ్‌కు పంపండి. ముక్కల అంచులు గోధుమ రంగులోకి తిరిగితే భయపడాల్సిన పని లేదు, అవి ఫినాల్స్, కోసిన కణాల నుంచి వచ్చే పదార్థాలు. మరీ ఎక్కువైతే తాజా మీడియంకు మార్చండి. దీనికి బొగ్గుపొడి కలపమని కొందరు చెప్తారు, కానీ బొగ్గు ఫినాల్స్‌తో పాటు 2,4-డినీ పీల్చేస్తుంది కాబట్టి కాలస్ పనిలో నాకది నచ్చదు.

రెండు నుంచి నాలుగు వారాల్లో కోసిన అంచు మీద లేత పసుపు, తెలుపు రంగుల్లో గుల్లలు గుల్లలుగా కాలస్ లేస్తుంది. ఇక్కడ కాసేపు ఆగి, బైనాక్యులర్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. ఒకే ప్లేటులో రెండు మూడు రకాలు ఉంటాయి. ఒకటి గట్టిగా, ముద్దగా, ఫోర్సెప్స్‌తో గుచ్చితే మొత్తం గడ్డ లేచి వస్తుంది. ఇంకొకటి తడి ఇసుకలా ఉంటుంది, ఫోర్సెప్స్ మొన తగిలితే చాలు పొడిపొడిగా రాలుతుంది, అంచుల్లో నీటి మెరుపు ఉంటుంది. మనకు కావలసింది ఆ రాలే రకమే. దాన్ని మాత్రమే గోరుముక్కంత తీసి కొత్త ప్లేటుకు మార్చండి, మూడు నాలుగు వారాలకొకసారి అలాగే మారుస్తూ పోండి. ఇలా నాలుగైదుసార్లు అయ్యేసరికి ప్లేటు మొత్తం ఒకే రకంగా తయారవుతుంది. ఈ దశలోనే ఒక్కో లైన్‌కు ఒక నంబరు ఇచ్చి, ప్రతి లైన్‌లో పెరాక్సిడేజ్ ఎంత ఉందో కొలిచి పెట్టుకోండి. పది లైన్లలో రెండో మూడో మిగతావాటికంటే స్పష్టంగా ముందుంటే అవే మీ లైన్లు, అందంగా పెరిగేవి కావు.

ఇప్పుడు ద్రవంలోకి. అగార్ లేని అదే మీడియం 50 మి.లీ.ను 250 మి.లీ. ఫ్లాస్కులో పోసి, రెండు మూడు గ్రాముల కాలస్ వేసి, షేకర్ మీద 110 ఆర్‌పీఎం దగ్గర తిప్పండి. ఫ్లాస్కులో ఐదో వంతే ఎందుకు నింపుతున్నామంటే గాలి కోసం. మొక్క కణం బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దది, లోపల ఎక్కువ భాగం నీటి సంచే, అందుకని వేగంగా తిప్పితే పగిలిపోతుంది. మెల్లగా తిప్పితే అడుగున పేరుకుని ఊపిరాడక చస్తుంది. ఒకసారి సెలవు రాత్రి కరెంటు పోయి షేకర్ ఆగింది, తెల్లారి వెళ్లేసరికి ఎనిమిది ఫ్లాస్కుల్లో కణాలు అడుగున గోధుమ రంగు బురదలా పడి ఉన్నాయి. నెలల పని అది. అప్పటినుంచి ప్రతి లైన్‌కూ అగార్ ప్లేటు మీద ఒక నకలు లేకుండా షేకర్ ఎక్కించను, మీరూ ఎక్కించొద్దు.

మొదటి రెండు వారాలు ఫ్లాస్కు చూస్తే నిరాశగా ఉంటుంది, గడ్డలు గడ్డలుగా ఉంటాయి. గడ్డలు కిందికి దిగనిచ్చి, పైన తేలే సన్నటి కణాలను మాత్రం వెడల్పు మూతి ఉన్న పిపెట్‌తో తీసి కొత్త మీడియంలో వేయండి, లేదా స్టెరైల్ జల్లెడ గుండా పోయండి. కొత్త ఫ్లాస్కుకు పాత కల్చర్ పదో వంతు నుంచి ఐదో వంతు దాకా వేయాలి. మరీ తక్కువ వేస్తే కణాలు పెరగవు, తమ చుట్టూ ఉన్న ద్రవాన్ని తామే సిద్ధం చేసుకునేంత మంది ఉండాలి వాటికి. 7 నుంచి 14 రోజులకొకసారి ఇలా మారుస్తుంటే రెండు మూడు నెలల్లో ఫ్లాస్కు సమంగా, పలచటి గంజిలా తిరుగుతుంది. కణాలు బతికున్నాయా అన్న అనుమానం వస్తే ఒక చుక్కలో ఎవాన్స్ బ్లూ రంగు కలిపి మైక్రోస్కోప్ కింద చూడండి, చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికినవి రంగును లోపలికి రానివ్వవు.

ఇక అసలు పని, కొలత. ఒకే రోజు ఇరవై దాకా ఫ్లాస్కులు మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి మూడేసి ఫ్లాస్కులు దింపండి. ప్రతిసారీ 10 మి.లీ. కల్చర్‌ను గీతలున్న ట్యూబులో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తక్కువ వేగంతో ఐదు నిమిషాలు తిప్పితే అడుగున ఎంత కణరాశి ఉందో చదవొచ్చు. పీహెచ్ రాయండి. మొదట్లో అమోనియం తీసుకునేటప్పుడు అది తగ్గి, తర్వాత నైట్రేట్ తీసుకునేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. పైన మిగిలిన ద్రవంలో ఎంజైమ్ ఎంతో, కణాల్లో ఎంతో విడివిడిగా రాయండి. అప్పుడు ఒకే కాగితం మీద రెండు గీతలు వస్తాయి, పెరుగుదలది ఒకటి, ఎంజైమ్‌ది ఒకటి, రెండింటి శిఖరాలు ఒకే రోజున రావాలని లేదు. ఎంజైమ్ శిఖరం ఏ రోజున వస్తే ఆ రోజే కోత. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఇంకా వస్తుందేమో అని ఆశపడొద్దు, పంచదార అయిపోయాక చస్తున్న కణాల నుంచి ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు) బయటికొచ్చి మీ ఎంజైమ్‌నే ముక్కలు చేస్తాయి.

ఎంజైమ్ ఇంకా పెంచాలంటే కణాలను కొంచెం బెదిరించాలి. శిలీంధ్రం దాడి చేసిందని కణం అనుకునేలా కైటోసాన్, లేదా గాయం సంకేతంలా మిథైల్ జాస్మోనేట్ 50 నుంచి 100 మైక్రోమోలార్ మోతాదులో, పెరుగుదల మధ్య దశలో కలపండి. మొదటి రోజే కలిపితే పెరుగుదల ఆగిపోయి మొత్తం మీద నష్టమే. జాస్మోనేట్‌ను ఆల్కహాల్‌లో కరిగిస్తారు కాబట్టి, అంతే ఆల్కహాల్ మాత్రమే వేసిన ఫ్లాస్కులు కూడా పక్కన ఉండాలి, లేకపోతే పెరిగింది దేనివల్లో చెప్పలేరు.

కోత రోజు కల్చర్‌ను నైలాన్ గుడ్డ గుండా వడపోయండి. ద్రవాన్ని మంచులో పెట్టండి. కణాలను చల్లటి బఫర్‌తో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) ఒకసారి కడిగి, తర్వాత 1 మోలార్ సోడియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లో అరగంట మెల్లగా కలిపితే కణగోడకు అతుక్కున్న పెరాక్సిడేజ్ చాలావరకు ఊడి వస్తుంది. ఈ ఉప్పు కడుగును చాలామంది వదిలేస్తారు, ఎంతో ఎంజైమ్ గోడల్లోనే ఉండిపోతుంది. కణాల లోపలిది కూడా కావాలంటే లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి నూరి, పీహెచ్ 6.5 ఉన్న 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో, ఫినాల్స్‌ను పట్టుకోవడానికి కరగని పీవీపీపీ పొడి కలిపి తీసి, సెంట్రిఫ్యూజ్‌లో 12,000 గ్రావిటీ (భూమ్యాకర్షణకు 12,000 రెట్ల బలం) దగ్గర 15 నిమిషాలు తిప్పండి. లిక్విడ్ నైట్రోజన్‌ను కిటికీలు మూసిన చిన్న గదిలో వాడొద్దు, గదిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

పెరాక్సిడేజ్ కొలవడానికి గ్వాయకాల్ చాలు, పెరాక్సైడ్ సమక్షంలో ఈ ఎంజైమ్ దాన్ని రంగు పదార్థంగా మారుస్తుంది. క్యువెట్‌లో (కాంతి కొలతకు వాడే చిన్న పారదర్శక గిన్నె) బఫర్, గ్వాయకాల్, 0.1 మి.లీ. ఎంజైమ్ వేసి, చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి మొత్తం 3 మి.లీ. చేసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రవం ఎంత కాంతి పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) 470 నానోమీటర్ల దగ్గర నిమిషం పాటు చూడండి. రంగులేని ద్రవం కళ్ల ముందే ఇటుక రంగులోకి తిరుగుతుంది, మొదటిసారి చూసినప్పుడు ఆ ఆనందమే వేరు. ఉదాహరణకు రీడింగు నిమిషానికి 0.30 పెరిగిందనుకుందాం. వచ్చిన పదార్థం టెట్రాగ్వాయకాల్, దాని ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్ (గాఢతను బట్టి ఎంత కాంతి పీల్చుకుంటుందో చెప్పే అంకె) మిల్లీమోలార్‌కు 26.6. 0.30ని 26.6తో భాగిస్తే 0.0113, దాన్ని 3 మి.లీ.తో గుణిస్తే నిమిషానికి 0.034 మైక్రోమోల్, అది 0.1 మి.లీ. ఎంజైమ్ చేసిన పని కాబట్టి మిల్లీలీటరుకు 0.34 యూనిట్లు (నిమిషానికి ఒక మైక్రోమోల్ అంటే ఒక యూనిట్). గీత మొదటి నిమిషంలోనే వంగిపోతే ఎంజైమ్ ఎక్కువైందని అర్థం, పలచబరిచి మళ్లీ చేయండి. పెరాక్సైడ్ మోతాదు పెంచితే ఇంకా వస్తుందనుకోకండి, అది ఎక్కువైతే ఎంజైమ్‌నే చంపుతుంది. పెరాక్సైడ్ వేయని ట్యూబు ఒకటి, ఉడికించిన ఎంజైమ్ ఉన్న ట్యూబు ఒకటి తప్పకుండా ఉండాలి. ఉడికించడం అంటే ఒక్క నిమిషం కాదు, పెరాక్సిడేజ్ వేడికి గట్టిది, కొద్దిగా ఉడికించి వదిలేస్తే కాసేపటికి కొంత తేరుకుంటుంది కూడా. పది నిమిషాలకు పైగా మరిగించండి. అలాగే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రోటీన్ కొలిచి, మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఎన్ని యూనిట్లో లెక్క కట్టండి. ఎంజైమ్ ఎంత శుద్ధిగా ఉందో తెలిసేది దాన్నిబట్టే.

లీటర్ల కొద్దీ ద్రవంలో ఎంజైమ్ పలచగా ఉంటుంది కాబట్టి దాన్ని దగ్గరికి చేర్చాలి. చేతిలో అల్ట్రాఫిల్ట్రేషన్ ఉంటే 10 కిలోడాల్టన్ల పొర వాడండి, ఎంజైమ్ సుమారు 40 కిలోడాల్టన్లు కాబట్టి దాటిపోదు. లేకపోతే అమోనియం సల్ఫేట్‌ను మంచు మీద, గిలకొట్టకుండా, చిటికెడు చిటికెడుగా 80 శాతం సంతృప్తత దాకా కలిపి, రాత్రంతా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున దిగినదాన్ని కొద్దిపాటి బఫర్‌లో కరిగించి డయాలిసిస్ (సన్నటి పొర సంచిలో పోసి బఫర్‌లో ముంచి ఉప్పును బయటికి పోనివ్వడం) పెట్టండి. శుద్ధి ఎంతవరకు వచ్చిందో చూడటానికి 403, 275 నానోమీటర్ల దగ్గర రెండు రీడింగులు తీసి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 403 దగ్గర వచ్చేది ఎంజైమ్‌లోని హీమ్ (ఇనుము ఉన్న భాగం) వల్ల. బాగా శుద్ధి చేసిన హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌కు ఇది 3 దాకా ఉంటుంది, మనకు ఈ దశలో ఒకటి కూడా రాకపోవచ్చు. కాలమ్ క్రోమటోగ్రఫీ చేశాకే అది పైకి వెళ్తుంది.

నెలలు గడిచేకొద్దీ లైన్ బలం తగ్గడం మామూలే, పదే పదే సబ్‌కల్చర్ చేస్తుంటే (కొత్త మీడియంకు మారుస్తుంటే) కణాల జన్యువుల్లో మార్పులు చేరి, త్వరగా పెరిగేవి మిగతావాటిని తొక్కేస్తాయి. మూడు నెలలకొకసారి పాత కొలతలతో పోల్చండి, పడిపోతుంటే ప్లేటు మీది నకలు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, వీలుంటే మొదట్లోనే కొంత లిక్విడ్ నైట్రోజన్‌లో దాచండి. ఈ బెడద ఎక్కువగా ఉంటే ఇంకో దారి వెంట్రుక వేర్లు. గాయం చేసిన చోట అగ్రోబ్యాక్టీరియం రైజోజెనిస్ అనే బ్యాక్టీరియాను సోకిస్తే హార్స్‌రాడిష్‌లో సన్నటి వేర్లు బోలెడన్ని వస్తాయి, వాటికి హార్మోన్లు కూడా అక్కర్లేదు, ఏళ్ల తరబడి లక్షణాలు పెద్దగా మారవు. కాకపోతే ట్యాంకులో వేర్లు చిక్కుపడి మధ్యలోకి గాలి అందదు, కాబట్టి పెద్ద ఎత్తున పెంచాలంటే ద్రవంలో తేలే కణాల సస్పెన్షనే నయం. అది కూడా 50 మి.లీ. నుంచి ఒకేసారి పది లీటర్లకు దూకకుండా 250, తర్వాత లీటరు, అలా మెట్టు మెట్టుగా, ప్రతి మెట్టు దగ్గరా ఆ రెండు గీతలూ మళ్లీ గీసుకుంటూ.